పాత కంప్యూటర్‌లో సౌండ్ పోతే, ఫార్మాట్ కొట్టే ముందు

బొబ్బిలి నుంచి మీరు అడిగిన విషయం ఇదీ. నాన్నగారి కంప్యూటర్ 2010లో అసెంబుల్ చేయించినది, ఇంటెల్ జీ41 రకం మదర్‌బోర్డు, విండోస్ 7. నాన్నగారు వీణ మాష్టారు. ఆయన దాచుకున్న పాఠాల క్యాసెట్లను మీరు ఒక్కొక్కటిగా అందులోకి ఎక్కిస్తున్నారు. పని సగంలో ఉండగా, వానల్లో కరెంటు నాలుగైదు సార్లు పోయి వచ్చాక సౌండ్ ఆగిపోయింది. వెనక స్పీకర్లు పలకడం లేదు. కింద మూల స్పీకర్ బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు పడింది. ముందువైపు హెడ్‌ఫోన్ పెడితే ఒక్కోసారి రెండు సెకన్లు పాట వినిపించి, కరకరలాడి పోతోంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఎఫ్1 నొక్కమంటోంది, తేదీ 2009 అని చూపిస్తోంది. దుకాణంలో అడిగితే సౌండ్ చిప్ పోయిందనీ, ఫార్మాట్ కొట్టి చూద్దామనీ, రాకపోతే బోర్డు మార్చాలనీ చెప్పారు.

ఫార్మాట్ వద్దమ్మా. మీరు రాసిన దాంట్లోనే జవాబు సగం ఉంది. రెండు సెకన్లైనా పాట వినిపించిందంటే చిప్ బతికే ఉంది, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ ముక్క, అంటే డ్రైవర్, పనిచేస్తోంది, విండోస్ తన పని తాను చేస్తోంది. చచ్చిన చిప్ రెండు సెకన్లు కూడా పాడదు. పాట బయటికి వచ్చే దారిలో ఎక్కడో తెగుతోంది. ఆ దారిని స్పీకర్ నుంచి వెనక్కి, ఒక్కో మజిలీ దగ్గర ఆగి చూసుకుంటూ వెళ్లాలి. ఇరవై ఏళ్లకు పైగా విజయనగరంలో ఈ పని చేస్తున్నాను. సౌండ్ రావడం లేదని నా బల్ల మీదికి వచ్చిన పాత సిస్టమ్‌లలో ఎక్కువ వాటికి జబ్బు వైరులోనో, జాక్‌లోనో, ఒక సెట్టింగులోనో ఉండేది. విండోస్ మళ్లీ వేయడం వల్ల నిజంగా బాగుపడినవి తక్కువ.

అన్నిటికంటే ముందు రికార్డింగులు కాపీ చేసుకోండి. ఇప్పుడే, స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే. పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, వేరే కంప్యూటర్‌లో ఇంకో కాపీ ఉండాలి. మీరు ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నానన్నారు కాబట్టి ఒక జాగ్రత్త చెప్పాలి. 2021లో 3.0 వెర్షన్ రాకముందు వరకు ఆడాసిటీ ఒక్కో ప్రాజెక్టును ఒక చిన్న ఫైలుగానూ, దాని పేరుతోనే చివర 'డేటా' అని ఉండే ఫోల్డరుగానూ దాచేది. అసలు శబ్దమంతా ఆ ఫోల్డరులోనే ఉంటుంది. ఫైలు ఒక్కటీ కాపీ చేసుకుని అంతా వచ్చేసిందనుకున్నవాళ్లను చూశాను. రెండూ తీసుకోండి. వీలైతే ప్రతి క్యాసెట్‌నూ వేవ్ ఫైలుగా ఎగుమతి చేసి పెట్టుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దాయన సీపీయూ సంచిలో పెట్టుకుని బస్సులో వచ్చారు. అందులో ఆయన ఊరి జముకుల కథ రికార్డింగులు ఉండేవి. పాడినవాళ్లలో ఇద్దరు అప్పటికే లేరు. సౌండ్ రావడం లేదని అంతకుముందు ఎక్కడో చూపిస్తే ఫార్మాట్ కొట్టేశారట. సౌండ్ అప్పుడూ రాలేదు. నేను చూస్తే వెనక ఆకుపచ్చ జాక్ లోపలి రేకు వదులైంది, అంతే. జాక్ పది నిమిషాల్లో బాగుచేశాను. రికార్డింగులను మాత్రం రెండు రోజులు కూర్చుని వెతికినా సగం కూడా వెనక్కి తేలేకపోయాను. ఆయన ఏమీ అనలేదు, సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయారు. అప్పటినుంచి ఎవరి సిస్టమ్ వచ్చినా ముందు అడిగేది "ఇందులో మీకు కావలసినవి ఏమున్నాయి" అనే.

ఇక దారి మొదలుపెడదాం. స్పీకర్ల స్విచ్ వేసి, వాల్యూమ్ సగానికి తిప్పి, సీపీయూ వెనక ఉన్న ఆకుపచ్చ పిన్ను బయటికి లాగండి. కాళ్లకు చెప్పులు ఉండాలి, చేతులు పొడిగా ఉండాలి. పిన్ను కొసను వేలితో తాకండి. స్పీకర్లు 'బుర్ర్' మన్నాయా, అయితే స్పీకర్లు, వాటి వైరు, లోపలి ఆంప్లిఫయర్ బాగున్నట్టే. మీ ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటు సవ్వడినే అవి పెద్దది చేసి వినిపిస్తున్నాయి. చప్పుడే లేకపోతే వైరును పిన్ను మొదట్లో అటూ ఇటూ వంచుతూ మళ్లీ తాకండి. పాత స్పీకర్ వైర్లు తెగేది ఎక్కువగా అక్కడే, పిన్నుకు అంగుళం లోపల. పైన రబ్బరు బాగానే కనిపిస్తుంది, లోపల వెంట్రుకల్లాంటి రాగి తీగలు ఒక్కోటీ తెగి ఉంటాయి. స్పీకర్ల వాల్యూమ్ తిప్పుతుంటే కరకరలాడితే స్విచ్ ఆపేసి ఆ చివరి నుంచి ఈ చివరికి ఓ ముప్పైసార్లు తిప్పండి, చాలాసార్లు సర్దుకుంటుంది. ఆ స్పీకర్ పిన్నునే పాత రేడియోకో, జాక్ ఉన్న ఫోనుకో పెట్టి చూసినా ఇదే సంగతి తేలుతుంది.

స్పీకర్లు బాగున్నాయని తేలాక ఆ ఎర్ర ఇంటూ గుర్తు దగ్గరికి రండి. దాని మీద మౌస్ బాణాన్ని కదపకుండా ఒక్క క్షణం నిలబెట్టండి. చిన్న వాక్యం కనిపిస్తుంది. ఎర్ర గుర్తు ఒక్కటే అయినా వాక్యాలు మూడు రకాలు, మూడింటికీ మందులు వేరు. 'నో ఆడియో అవుట్‌పుట్ డివైస్ ఈజ్ ఇన్‌స్టాల్డ్' అంటే విండోస్‌కు సౌండ్ చిప్పే కనిపించడం లేదు, లేదా డ్రైవర్ పోయింది. 'ద ఆడియో సర్వీస్ ఈజ్ నాట్ రన్నింగ్' అంటే చిప్‌తో సంబంధం లేదు, విండోస్ లోపల నడవాల్సిన సర్వీస్ ఆగింది. సర్వీసెస్ జాబితాలోకి వెళ్లి 'విండోస్ ఆడియో', 'విండోస్ ఆడియో ఎండ్‌పాయింట్ బిల్డర్' అనే రెండింటినీ ఆటోమేటిక్‌లో పెట్టి స్టార్ట్ చేస్తే సరిపోతుంది. మూడోది 'నో స్పీకర్స్ ఆర్ హెడ్‌ఫోన్స్ ఆర్ ప్లగ్డ్ ఇన్'. చిప్ ఉంది, డ్రైవర్ ఉంది, కానీ ఏ జాక్‌లోనూ పిన్ను లేదని కంప్యూటర్ అనుకుంటోందన్నమాట. మీది ఈ మూడోదే అని నా నమ్మకం.

పిన్ను పెట్టి ఉన్నా లేదని ఎందుకంటుంది? 2004 తర్వాత వచ్చిన, హెచ్‌డీ ఆడియో అనే కొత్త పద్ధతి బోర్డుల్లో ప్రతి జాక్ లోపలా ఒక బుల్లి స్విచ్ ఉంటుంది. పిన్ను లోపలికి వెళ్లినప్పుడు ఒక సన్నటి రేకు కదిలి 'ఎవరో వచ్చారు' అని చిప్‌కు చెబుతుంది. ఆ కబురు అందితేనే విండోస్ అటు శబ్దం పంపుతుంది. పదిహేనేళ్ల చెమ్మకు, దుమ్ముకు ఆ రేకు మీద చిలుము పడుతుంది. భోగాపురం, కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి వల్ల ఇది ఇంకా తొందరగా వస్తుంది. బొబ్బిలిలో సముద్రం లేకపోయినా వానాకాలమంతా కిటికీ పక్కన ఉన్న సీపీయూకి అదే గతి. టార్చి వేసి జాక్ లోపలికి చూడండి. రేకు వెండిలా మెరవాలి. నల్లగానో, అంచున పచ్చగానో ఉంటే దొంగ దొరికినట్టే.

కంప్యూటర్ ఆపి, వెనక కరెంటు వైరు కూడా పీకి, ఆకుపచ్చ జాక్‌లో పిన్నును పాతికసార్లు పెట్టి తీయండి, పెట్టినప్పుడల్లా కొంచెం గుండ్రంగా తిప్పండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పిన్ను మీద తడి అయ్యేంత రాసి ఇంకో పదిసార్లు చేయండి. మొబైల్ రిపేర్ షాపుల్లో ఐపీఏ అంటే ఇస్తారు. ఇంట్లో ఉన్న కొబ్బరినూనె, కిరసనాయిలు వాడొద్దు, వాటికి దుమ్ము అంటుకుని రేకు ఇంకా పాడవుతుంది. అరగంట ఆరనిచ్చాకే కరెంటు ఇవ్వండి.

ఇప్పుడు ఆ 2009 తేదీ సంగతి. దాన్ని మీరు ఆఖర్న, వేరే చిన్న సమస్య అన్నట్టు రాశారు. నాకు అన్నిటికంటే ముందు కనబడింది అదే. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, మూడు వోల్టులది. కరెంటు లేనప్పుడు తేదీనీ, బయాస్ (విండోస్ కంటే ముందు బోర్డును లేపే ప్రోగ్రాం) సెట్టింగులనూ గుర్తుంచుకునేది దాని బలంతోనే. అది అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ బోర్డు తన పుట్టినప్పటి సెట్టింగులకు వెళ్లిపోతుంది. ఆ సెట్టింగుల్లో 'ఫ్రంట్ ప్యానెల్ టైప్' అనేది ఒకటి ఉంటుంది, హెచ్‌డీనా, అంతకుముందు ఉండే పాత పద్ధతి ఏసీ97నా అని. మీ కేబినెట్ చవకరకం, ముందు జాక్‌ల వైరు పాత ఏసీ97 పద్ధతిది అయివుంటే, అసెంబుల్ చేసినవాళ్లు అప్పట్లో బయాస్‌లో దాన్ని ఏసీ97కి మార్చి ఉంటారు. బ్యాటరీ పోయాక అది మళ్లీ హెచ్‌డీకి వెళ్లి ఉంటుంది. పద్ధతి కలవకపోతే ముందు హెడ్‌ఫోన్ పెట్టిన సంగతి చిప్‌కు సరిగా తెలియదు. వానల్లో కరెంటు పోయి వచ్చాకే ఇదంతా మొదలైందన్న మీ మాట దీనికి సరిగ్గా సరిపోతోంది.

బ్యాటరీ వాచీ షాపులో కూడా దొరుకుతుంది. కరెంటు వైరు పీకి, పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. కేబినెట్ ఇనుమును ఒకసారి తాకి, బ్యాటరీ పక్కనున్న కొక్కేన్ని గోటితో నెడితే అది పైకి లేస్తుంది. ప్లస్ గుర్తు పైకి ఉండేట్టు కొత్తది పెట్టండి. ఆన్ చేయగానే డిలీట్ కీ నొక్కుతూ ఉంటే బయాస్‌లోకి వెళ్తారు. తేదీ సరిచేయండి. ఆన్‌బోర్డ్ పరికరాల పేజీలో హెచ్‌డీ ఆడియో లేదా అజాలియా అని ఉన్నది ఎనేబుల్డ్‌లో ఉందో లేదో చూడండి. ఫ్రంట్ ప్యానెల్ టైప్ కనిపిస్తే ఏసీ97కి మార్చి చూడండి. హార్డ్ డిస్క్‌తో బోర్డు మాట్లాడే పద్ధతిని చెప్పే సాటా మోడ్ అనే దాన్ని మాత్రం ముట్టుకోవద్దు. ఇప్పుడు విండోస్ ఎలా తెరుచుకుంటోందో అలాగే ఉండనివ్వండి. దాన్ని మారిస్తే నీలం తెర వచ్చి విండోసే తెరుచుకోదు, అప్పుడు లేని టెన్షన్ వస్తుంది. ఎఫ్10 నొక్కి సేవ్ చేసి బయటికి రండి. తేదీ సరిపోతే ఇంకో లాభం ఉంది. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజర్ చాలా సైట్లను సర్టిఫికెట్ లోపమని తెరవనివ్వదు, డ్రైవర్ దించుకోవడం కుదరదు.

బయాస్‌లో ఆ ఆప్షన్ లేకపోతే విండోస్‌లోనే దారి ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో రియల్‌టెక్ హెచ్‌డీ ఆడియో మేనేజర్ తెరిచి, కుడివైపు పైన ఉండే చిన్న పసుపు ఫోల్డర్ బొమ్మ నొక్కండి. 'డిసేబుల్ ఫ్రంట్ ప్యానెల్ జాక్ డిటెక్షన్' అనే దాని పక్కన టిక్ పెట్టండి. ఇక ముందు జాక్‌లో పిన్ను ఉందా లేదా అని చిప్ అడగదు, శబ్దం పంపేస్తుంది. వెనక ఆకుపచ్చ జాక్ ఎంత శుభ్రం చేసినా మాట వినకపోతే స్పీకర్ పిన్నును గులాబీ జాక్‌లో పెట్టి చూడండి. కొన్ని బోర్డుల్లో 'ఏ పరికరం పెట్టారు' అని అడుగుతుంది, ఫ్రంట్ స్పీకర్ అని ఎంచుకుంటే అదే స్పీకర్ జాక్‌గా పనిచేస్తుంది. నీలం జాక్‌ను మాత్రం దీనికి వాడొద్దు, అది క్యాసెట్లకు కావాలి.

మౌస్ పెడితే మీకు మొదటి వాక్యం, అంటే డివైసే లేదన్నది కనిపిస్తే అప్పుడు డ్రైవర్ వైపు వెళ్లాలి. డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఉన్నదాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు వెళ్లి హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. అందులో 10ఈసీ అని ఉంటే రియల్‌టెక్, 1106 ఉంటే వయా. ఉచితంగా డ్రైవర్లన్నీ వెతికి వేస్తామనే సాఫ్ట్‌వేర్లు అస్సలు దించుకోవద్దు, వాటితో పాటు చెత్త కూడా వస్తుంది. బోర్డు కంపెనీ సైట్‌లో మోడల్ నంబర్‌తో వెతకండి. అది దొరికేదాకా ఉన్న రియల్‌టెక్ డ్రైవర్‌ను తీసేసి కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసినా చాలు, విండోస్ 7 తన సొంత హెచ్‌డీ ఆడియో డ్రైవర్ వేసుకుంటుంది, పని నడుస్తుంది.

ఇంకా పాతవి, ఎక్స్‌పీ కాలం నాటి ఏసీ97 బోర్డులు ఉన్నవాళ్లకు ఒక్క మాట. వాటిలో వెనక స్పీకర్లకు వెళ్లే శబ్దం ముందు జాక్ మీదుగా తిరిగి వస్తుంది. ముందు ప్యానెల్ వైరు ఊడినా, ముందు జాక్ రేకు పాడైనా వెనక స్పీకర్లు మూగబోతాయి. ముందు జాక్ అక్కర్లేకపోతే ఆ వైరు తీసేసి, బోర్డు మీద ఆ పిన్నుల్లో 5, 6 కలిపి ఒక జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు), 9, 10 కలిపి ఒక జంపర్ పెడితే వెనక పలుకుతుంది. జీ41 లాంటి హెచ్‌డీ బోర్డుల్లో ఈ పని చేయకూడదు.

ఇక మీ అసలు పని, క్యాసెట్లు. విజయనగరంలో సంగీత కళాశాల 1919 నుంచి ఉంది. ఇక్కడ ఎన్నో ఇళ్లలో అటక మీద క్యాసెట్ల పెట్టెలు ఉన్నాయి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలని వచ్చేవాళ్లు ఇప్పటికీ వస్తారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతున్నాను. ఆ పాత కంప్యూటర్‌ను పారేయకండి, దాని వెనకున్న నీలం జాక్ ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో దొరకదు. క్యాసెట్ డెక్ వైరు ఆ నీలం జాక్‌లోనే పెట్టాలి, లైన్ ఇన్ అంటే అదే. గులాబీ జాక్ మైకు కోసం. మైకు నుంచి వచ్చే చాలా సన్నని సంకేతాన్ని అది ఎన్నో రెట్లు పెంచుతుంది. డెక్ నుంచి వచ్చే బలమైన శబ్దాన్ని దానికిస్తే వీణ పగిలిపోయినట్టు వినిపిస్తుంది. దుకాణాల్లో గులాబీలో పెట్టి ఎక్కించిన రికార్డింగులు తెచ్చి బాగుచేయమంటారు. పగిలిన నాదాన్ని అతికించడం ఎవరి వల్లా కాదు, మళ్లీ ఎక్కించుకోవలసిందే.

విండోస్ సౌండ్ సెట్టింగుల్లోని రికార్డింగ్ ట్యాబ్‌లో లైన్ ఇన్ కనిపించకపోతే ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి 'షో డిసేబుల్డ్ డివైసెస్' టిక్ పెట్టండి, కనిపించాక ఎనేబుల్ చేయండి. టేపురికార్డర్‌కు హెడ్‌ఫోన్ జాక్ మాత్రమే ఉంటే దాని వాల్యూమ్ మూడో వంతుకు పెట్టి మొదలుపెట్టండి. నాన్నగారు గట్టిగా మీటిన చోట కూడా ఆడాసిటీ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగాలి. 44,100 హెర్ట్జ్, 16 బిట్, స్టీరియోలో నిమిషానికి దాదాపు 10 ఎంబీ పడుతుంది. అరవై నిమిషాల క్యాసెట్ అంటే 600 ఎంబీ పైన. డిస్క్‌లో చోటు చూసుకోండి.

మీరు చెప్పిన ఇంకో ఇబ్బంది, పాత రికార్డింగుల్లో వెనకాల 'గుయ్' మని వినిపించడం. అది 50 హెర్ట్జ్ కరెంటు హమ్. చాలామంది దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీసేద్దామనుకుంటారు. మాటలకైతే సరే. వీణకు వద్దు. మంద్ర తీగ మీటాక మెల్లగా కరిగిపోయే నాదం ఉంటుందే, హమ్ తీసేటప్పుడు అది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. అది రాకుండా చూసుకోవడమే మార్గం. డెక్, సీపీయూ, స్పీకర్లు మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెట్టండి. రికార్డ్ చేసేటప్పుడు గదిలో ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉన్న ఫ్యాన్ ఆపండి. ఆడియో వైరును కరెంటు వైర్ల పక్కన చుట్టపెట్టకండి.

అప్పటికీ ఉంటే ఎర్తింగ్ చూడాలి. సీపీయూ ఇనుమును మునివేలి వెనక భాగంతో మెల్లగా రాస్తే జిల్లుమంటోందా? టెస్టర్ పెడితే సన్నగా వెలుగుతోందా? అయితే మీ సాకెట్టుకు ఎర్త్ లేదు. ఆ మూడో పిన్ను ఉన్న చోట గోడలో వైరే లేని ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వైరు వేయించండి. ఎర్త్ గొయ్యి ఉండి ఎండిపోయి ఉంటే నీళ్లు పోయించండి. హమ్ పోతుందని ఎవరైనా ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేయమంటే మాత్రం ఒప్పుకోకండి. హమ్ పోవచ్చు, కానీ లోపల ఎక్కడైనా కరెంటు లీకైతే అది వెళ్లేది ఆ పెట్టె ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి.

ఇవన్నీ చేశాక కూడా చిప్ పోయిందేమో అన్న అనుమానం మిగిలితే, డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష ఉంది. విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్, లైనక్స్ మింట్ లాంటిది, పెన్‌డ్రైవ్‌లో వేసి, హార్డ్ డిస్క్ ముట్టుకోకుండా దాంతోనే కంప్యూటర్ తెరవండి. ర్యామ్ తక్కువున్న సిస్టమ్‌కు పప్పీ లైనక్స్ మేలు. అందులో పాట వస్తే బోర్డు బాగుంది, లోపం విండోస్‌లోనే. అందులోనూ రాకపోతే, జాక్‌లు శుభ్రంగా ఉన్నా రాకపోతే, అప్పుడు చిప్ సంగతి ఆలోచించాలి. అప్పుడైనా బోర్డు మార్చనక్కర్లేదు. కొన్ని వందల రూపాయలకు యూఎస్‌బీ సౌండ్ కార్డు వస్తుంది, విండోస్ 7కు దానికి వేరే డ్రైవర్ కూడా అక్కర్లేదు. కొనేటప్పుడు చూసుకోవలసింది ఒకటే. చవకవాటిలో చాలా వాటికి మైకు రంధ్రం మాత్రమే ఉంటుంది, అది కూడా మోనో. మీకు లైన్ ఇన్ అని రాసి ఉన్నదే కావాలి.

ముందు కాపీలు తీసుకోండి, బ్యాటరీ మార్చండి, ఆకుపచ్చ జాక్ శుభ్రం చేయండి. ఈ మూడింటికీ ఒక పూట చాలు. తర్వాత కూడా ఎర్ర గుర్తు ఉంటే, మౌస్ పెట్టినప్పుడు కనిపించే వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసి పంపండి. బోర్డు మీద జాక్‌ల దగ్గర ఉండే చిన్న నల్ల చిప్ మీద ఏఎల్‌సీ అని మొదలయ్యే నంబర్ ఉంటుంది, అది కూడా రాయండి. ఏ డ్రైవర్ వేయాలో దాన్నిబట్టి చెబుతాను.